ఏ జోకర్, ఏ బేన్: బ్యాట్‌మన్ ప్రతినాయకుల ఎంపికపై వాదన ఎందుకు తెగదు

మ్యాట్ రీవ్స్ దర్శకత్వంలో రాబర్ట్ ప్యాటిన్సన్ కథానాయకుడిగా 2022 మార్చిలో వచ్చిన ‘ద బ్యాట్‌మన్’కు కొనసాగింపును మొదట 2025 అక్టోబరులో విడుదల చేయాలనుకున్నారు. అది 2026కు, అక్కడి నుంచి 2027 అక్టోబరుకు జరిగింది. సినిమా వెనక్కి జరిగిన కొద్దీ ఊహాగానాలు పెరిగాయి. ఈసారి ప్రతినాయకుడెవరు, జోకర్‌ను మళ్లీ తెస్తారా, మంచు తుపాకీ పట్టుకు తిరిగే మిస్టర్ ఫ్రీజ్ వాస్తవికంగా తీసిన ఆ లోకంలో ఇముడుతాడా, ఫలానా నటుడు ఆ పాత్రకు తగినవాడేనా అన్న ప్రశ్నలపై అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. మరోవైపు జేమ్స్ గన్, పీటర్ సాఫ్రాన్‌ల సారథ్యంలో డీసీ కామిక్స్ పాత్రలతో సినిమాలు తీసే డీసీ స్టూడియోస్ ఇంకొక బ్యాట్‌మన్‌ను వేరే కథావరుసలో తీసుకురావాలని తలపెట్టడంతో, ఎవరు ఏ బ్యాట్‌మన్ గురించి మాట్లాడుతున్నారో తెలియని అయోమయం కూడా తోడైంది.

ఈ వాదనలను ఓపికగా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ఒక నటుడి పేరు మీద గొడవపడుతున్న ఇద్దరూ చాలాసార్లు రెండు వేర్వేరు పాత్రలను మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు. పాత్ర పేరు ఒకటే, మనిషి వేరు. ఏ జోకర్, ఏ బేన్ అన్నది ముందుగా తేలితే తప్ప దానికి ఎవరు తగినవారన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఈ చిక్కుముడి ఎలా పడిందో చూడాలంటే సినిమాల వరుస నుంచి మొదలుపెట్టాలి.

ఒకే పేరుతో నడిచిన వేర్వేరు లోకాలు

బ్యాట్‌మన్ 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో పుట్టాడు. మరుసటి ఏడాది అతని పేరుతోనే మొదలైన పత్రిక తొలి సంచికలో జోకర్, క్యాట్‌వుమన్ ఇద్దరూ కనిపించారు. 1966 నుంచి 1968 వరకు ఆడమ్ వెస్ట్ నటించిన టీవీ ధారావాహిక నడిచింది. తరువాత పెద్ద తెర మీద టిమ్ బర్టన్ 1989, 1992లలో, జోయెల్ షూమాకర్ 1995, 1997లలో, క్రిస్టఫర్ నోలన్ 2005, 2008, 2012లలో బ్యాట్‌మన్ సినిమాలు తీశారు. 2016లో జాక్ స్నైడర్ సినిమాలో బెన్ అఫ్లెక్ ఆ పాత్ర ధరించాడు. 2022లో రీవ్స్ మళ్లీ కొత్తగా మొదలుపెట్టాడు. ఇవి కాక టాడ్ ఫిలిప్స్ 2019లో తీసిన ‘జోకర్’, 2024లో వచ్చిన దాని కొనసాగింపు ఏ వరుసకూ చెందకుండా విడిగా నిలుస్తాయి.

ఇక్కడ రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒక సినిమాలో జరిగినదాన్ని తరువాతి సినిమాలోనూ జరిగినట్లే లెక్కలోకి తీసుకునే ఒప్పందాన్ని కంటిన్యుటీ అంటారు. ఆ లెక్కను పక్కనపెట్టి కథను మొదటి నుంచి ఎత్తుకోవడం రీబూట్. నటుడు మారినంత మాత్రాన రీబూట్ అయినట్లు కాదు. 1989 నుంచి 1997 వరకు వచ్చిన నాలుగు సినిమాలలో మైకేల్ కీటన్, వాల్ కిల్మర్, జార్జ్ క్లూనీ అనే ముగ్గురు కథానాయకులు మారారు. సేవకుడు ఆల్‌ఫ్రెడ్‌గా మైకేల్ గాఫ్, కమిషనర్ గోర్డన్‌గా పాట్ హింగిల్ మాత్రం నాలుగింటిలోనూ కొనసాగారు. కాబట్టి ఆ నాలుగూ, ధోరణి ఎంత మారినా, ఒకే వరుస కిందికి వస్తాయి. నోలన్ సినిమాలు అలా కావు. వాటిలో జోకర్ ఎవరో మునుపటి జోకర్‌తో సంబంధం లేకుండా తేల్చుకోవాలి.

ఈ తేడా చిన్నదిగా కనిపించినా అభిమానుల తగాదాలలో సగం ఇక్కడే పుడతాయి. రీవ్స్ సినిమా చివర ఆర్ఖమ్ మానసిక చికిత్సాలయం గదిలో క్షణకాలం కనిపించిన బ్యారీ కియోగన్ జోకర్‌ను నోలన్ సినిమాలోని హీత్ లెడ్జర్ జోకర్‌తో పోల్చి, ‘అతని కథ అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు’ అని అడిగేవారు రెండు వరుసలను కలిపేస్తున్నారు. పోల్చడం తప్పు కాదు, ప్రేక్షకుడి జ్ఞాపకం వరుసలను బట్టి నడవదు కూడా. కానీ కథాపరంగా ఆ ఇద్దరూ ఒకరికొకరు తెలియని మనుషులు.

ఏ కామిక్స్‌ను ప్రమాణంగా తీసుకోవాలి

‘మూలానికి కట్టుబడి ఉండాలి’ అన్నది ఈ చర్చలలో అందరూ వాడే వాదన. కష్టం ఏమిటంటే, ఎనిమిది దశాబ్దాలకు పైగా వందలాది చేతుల మీదుగా నడిచిన కథకు ఒక మూలం అంటూ ఉండదు. దీనికి మిస్టర్ ఫ్రీజ్ కంటే మంచి ఉదాహరణ లేదు.

అతను 1959లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు పేరు మిస్టర్ జీరో. చలి పుట్టించే ఆయుధంతో దొంగతనాలు చేసే సాదాసీదా నేరగాడు. మిస్టర్ ఫ్రీజ్ అన్న పేరు 1966 టీవీ ధారావాహికతో స్థిరపడింది. ఆ ఒక్క ధారావాహికలోనే జార్జ్ శాండర్స్, ఓటో ప్రెమింగర్, ఈలై వాలక్ అనే ముగ్గురు ఒకరి తరువాత ఒకరు ఆ పాత్ర వేశారు. అప్పటికి ఆ పాత్రకు లోతు లేదు కాబట్టి ఎవరు వేసినా పెద్దగా తేడా పడలేదు. 1992లో మొదలైన బ్యాట్‌మన్ యానిమేషన్ ధారావాహికలో పాల్ డినీ రాసిన ఒక భాగం అతన్ని పూర్తిగా మార్చివేసింది. అందులో ఫ్రీజ్ ఒక శాస్త్రవేత్త. నయం కాని జబ్బు పడిన భార్య నోరాను మందు దొరికేవరకు శీతల స్థితిలో కాపాడుకుంటుంటాడు. లాభాపేక్ష తప్ప మరేమీ లేని యజమాని ఆ ప్రయోగాన్ని ఆపించడంతో జరిగిన ప్రమాదంలో అతని శరీరం మామూలు వేడిని తట్టుకోలేని స్థితికి వస్తుంది. మైకేల్ అన్సారా ఆ పాత్రకు ఇచ్చిన ఉద్వేగం లేని గొంతు, లోపల గడ్డకట్టిన దుఃఖాన్ని వినిపించింది. ఈ కథను తరువాత కామిక్స్ కూడా స్వీకరించాయి. అంటే నేటి అభిమాని ‘అసలైన ఫ్రీజ్’ అనుకునేది కామిక్స్‌లో పుట్టినది కాదు, టీవీ బొమ్మల కథలో పుట్టినది.

1997లో ‘బ్యాట్‌మన్ అండ్ రాబిన్’లో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ ఆ పాత్ర ధరించాడు. సినిమా నోరా కథను తీసుకుంది, వెంటనే దాని మీద మంచు, చలి గురించిన చమత్కారపు మాటలను వరసగా పేర్చింది. కథ 1992 నాటిది, మాటతీరు 1966 నాటిది. చాలామంది ఆ ఎంపికను తప్పుబట్టేటప్పుడు నటుడిని నిందిస్తారు. కానీ అతనికి ఇచ్చిన పాత్ర ఒకదానికొకటి పొసగని రెండు ముక్కల అతుకు. అక్కడ అన్సారాలాంటి నటుడిని నిలబెట్టినా ఆ మాటలు నిలిచేవి కావని నా అభిప్రాయం.

జోకర్ విషయంలో చిక్కు ఇంకొక రకమైనది. అతని గతానికి స్థిరమైన కథ లేదు. 1951 నాటి కథలో అతను రసాయనాల తొట్టిలో పడి రంగు మారిన ముసుగు దొంగ. 1988లో ఆలన్ మూర్ రచన, బ్రయన్ బోలండ్ చిత్రాలతో వచ్చిన ‘ద కిల్లింగ్ జోక్’లో జీవితంలో ఓడిపోయిన హాస్యగాడు; అక్కడ కూడా తన గతం తనకే ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా గుర్తుకొస్తుందని అంటాడు. ఏ సినిమా ఏ కథను ఎంచుకున్నా, ఇంకొక కథను నమ్మిన అభిమానికి అది అపచారంగానే కనిపిస్తుంది. 1989 సినిమాలో జాక్ నికల్సన్ జోకర్ బ్రూస్ వేన్ (ముసుగు లేనప్పటి బ్యాట్‌మన్) తల్లిదండ్రులను చంపినవాడిగా తేలడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు, ఎందుకంటే కామిక్స్‌లో ఆ హంతకుడు జో చిల్ అనే అనామక దొంగ. యాదృచ్ఛికంగా జరిగిన హత్య వల్లనే బ్యాట్‌మన్ పోరాటం నేరం అనే దాని మీదికి మళ్లుతుందని, హంతకుడికి ముఖం ఇస్తే అది వ్యక్తిగత పగగా కుంచించుకుపోతుందని వారి వాదన. రెండు గంటల సినిమాకు నాయకుడు, ప్రతినాయకుడు ఒకరినొకరు తయారుచేసుకున్నారన్న బిగువు కావాలని రెండవ పక్షం వాదన. రెండింటిలోనూ బలముంది.

పౌరాణిక చిత్రాలు చూస్తూ పెరిగిన తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు. ‘మాయాబజార్’ (1957)లో ముక్కామల, ‘పాండవ వనవాసం’ (1965)లో ఎస్వీ రంగారావు, ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966)లో ఎన్టీ రామారావు దుర్యోధనుడిగా కనిపించారు. మొదటిదానిలో ఎత్తులన్నీ శకునివి, దుర్యోధనుడు వాటి వెంట నడిచేవాడు. చివరిదానిలో కృష్ణుడూ దుర్యోధనుడూ రామారావే కాబట్టి రెండు పాత్రలూ సరితూకంగా నిలవక తప్పదు. ఎవరు గొప్ప దుర్యోధనుడన్న ప్రశ్నను ఆ కథలో దుర్యోధనుడికి ఉన్న చోటును విడదీసి అడగలేము.

పోలిక, స్వభావం, సినిమా అవసరం

అభిమానులు ఒక ఎంపికను కొలిచేటప్పుడు మూడు కొలబద్దలు వాడతారు. వాటికి పేర్లు పెట్టరు, పైగా వాక్యం మధ్యలో ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారిపోతుంటారు. మొదటిది పోలిక: నటుడు బొమ్మల్లోని పాత్రలాగా కనిపిస్తాడా, ఒడ్డూపొడుగూ వేషమూ సరిపోతాయా. రెండవది స్వభావం: ఆ పాత్రను ఆ పాత్రగా నిలిపే గుణం తెర మీదికి వచ్చిందా. మూడవది సినిమా అవసరం: ఈ దర్శకుడు కట్టిన ఈ లోకంలో, ఈ కథానాయకుడికి ఎదురుగా ఆ ప్రతినాయకుడు చేయవలసిన పని చేస్తున్నాడా.

బేన్‌ను ఈ మూడింటితో కొలిచి చూద్దాం. 1993లో చక్ డిక్సన్, డగ్ మెంచ్, గ్రహమ్ నోలన్ సృష్టించిన ఈ పాత్ర శాంటా ప్రిస్కా అనే కల్పిత ద్వీపంలోని జైలులో పుట్టి పెరిగినవాడు. తండ్రి తప్పించుకుపోతే ఆ శిక్షను పసివాడిగా ఉన్నప్పటి నుంచి తాను అనుభవించినవాడు. వీనమ్ అనే మందును గొట్టాల ద్వారా ఒంట్లోకి ఎక్కించుకుని అపారమైన బలం తెచ్చుకుంటాడు. అయితే అతన్ని మిగతావారి నుంచి వేరుచేసేది కండ కాదు, పథకం. ఆర్ఖమ్ మానసిక చికిత్సాలయంలో బంధించిన నేరగాళ్లనందరినీ వదిలి, వాళ్లను పట్టుకుంటూ బ్యాట్‌మన్ అలసిపోయే వరకు ఆగి, అప్పుడు అతని ఇంటికే వెళ్లి వెన్ను విరిచాడు.

1997 సినిమాలో మల్లయోధుడు జీప్ స్వెన్సన్ వేసిన బేన్‌కు మల్లుల ముసుగు ఉంది, గొట్టాలు ఉన్నాయి, కొండలాంటి శరీరం ఉంది. మొదటి కొలబద్దకు నూటికి తొంభై మార్కులు. కానీ ఆ బేన్ నోరు పెద్దగా విప్పని అనుచరుడు, ఆ సినిమాలోని మరో ప్రతినాయిక పాయిజన్ ఐవీ చెప్పినట్లల్లా ఆడేవాడు; స్వభావంలో అసలు పాత్ర జాడే లేదు. 2012లో టామ్ హార్డీ బేన్ దీనికి సరిగ్గా తలకిందులు. మల్లుల ముసుగు లేదు, వీనమ్ లేదు, ముఖానికి ఉన్న పరికరం బలం కోసం కాకుండా నొప్పి తెలియకుండా ఉండేందుకు పెట్టుకున్నది. కానీ నగరాన్ని ముట్టడించే వ్యూహం, శత్రువు శరీరం కంటే ముందు మనసును విరిచే ఓపిక, చివరకు ఆ వెన్ను విరిచే దెబ్బ, అన్నీ ఉన్నాయి. ‘బేన్‌ను పాడుచేశారు’ అన్నవారూ ‘ఇన్నాళ్లకు అసలు బేన్‌ను చూపించారు’ అన్నవారూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు మొదటి కొలబద్ద పట్టుకున్నారు, రెండవవారు రెండవది.

హార్డీ గొంతు మీద వచ్చిన వివాదం ఇంకొంచెం సూక్ష్మమైనది. 2011 డిసెంబరులో సినిమా తొలి ఘట్టాన్ని ఐమాక్స్ థియేటర్లలో ముందుగా చూపినప్పుడు ముసుగు వెనుక మాటలు అర్థం కావడం లేదన్న ఫిర్యాదులు గట్టిగా వచ్చాయి. ఆ ఉచ్చారణకు ఐరిష్ సంచార తెగకు చెందిన ముష్టియోధుడు బార్ట్లీ గోర్మన్ గొంతు ప్రేరణ అని హార్డీ చెప్పాడు. విడుదలైన సినిమాలో మాటలు అంతకంటే తేటగా వినిపించాయి. ఇది నటుడి ఎంపిక మీద ఫిర్యాదుగా మొదలై, నిజానికి శబ్దగ్రహణానికి సంబంధించినదిగా తేలిన సందర్భం. అభిమానుల అసంతృప్తి నిజమైనదే అయినా దాని కారణాన్ని వారు ప్రతిసారీ సరిగా గుర్తించలేరు.

మూడవ కొలబద్ద దగ్గరకు వస్తే లెడ్జర్ గుర్తుకు వస్తాడు. పోలికలో నికల్సన్ జోకర్ కామిక్స్‌కు దగ్గర: చర్మం నిజంగానే తెల్లబడింది, నవ్వు ముఖం మీద బిగిసిపోయింది. లెడ్జర్ జోకర్‌ది చెదిరిన రంగు, పెదవుల పక్కన పాత గాయాల మచ్చలు. ఆ మచ్చలు ఎలా వచ్చాయో అతను సినిమాలో రెండుసార్లు చెబుతాడు, రెండు కథలూ వేరు. చట్టాన్ని నమ్ముకున్న మనిషి ఎంతవరకు చట్టానికి కట్టుబడతాడన్నది 2008 నాటి ‘ద డార్క్ నైట్’ అడిగిన ప్రశ్న. దానికి ఎదురుగా గతం లేనివాడు, డబ్బు అక్కరలేనివాడు, బేరానికి లొంగనివాడు కావాలి. గతం చెప్పి సానుభూతి పుట్టిస్తే ఆ సినిమా కూలిపోతుంది. 2019లో వాకీన్ ఫీనిక్స్ వేసిన ఆర్థర్ ఫ్లెక్‌కు గతమే సర్వస్వం, ఎందుకంటే ఆ సినిమాలో బ్యాట్‌మన్ లేడు, ఉన్నది ఒక మనిషి పతనం. ఇద్దరికీ ఆస్కార్ వచ్చింది: లెడ్జర్‌కు మరణానంతరం 2009లో ఉత్తమ సహాయ నటుడిగా, ఫీనిక్స్‌కు 2020లో ఉత్తమ నటుడిగా. ఒకరి జోకర్‌ను ఇంకొకరి సినిమాలో పెట్టి చూస్తే ఇద్దరూ విఫలమవుతారు. అందుకే ‘ఎవరు గొప్ప జోకర్’ అన్న పోటీ ఎప్పటికీ ముగియదు.

ముందస్తు నిరసనలను ఎంతవరకు నమ్మవచ్చు

1988లో కీటన్ పేరు ప్రకటించినప్పుడు అతను హాస్య పాత్రలకు పేరుపడ్డ నటుడు. వార్నర్ బ్రదర్స్ సంస్థకు సుమారు 50 వేల నిరసన ఉత్తరాలు చేరాయని అప్పట్లో విస్తృతంగా రాశారు. బర్టన్ ఆలోచన మరొకటి: కండలు తిరిగిన వీరుడికి గబ్బిలం వేషం వేసుకోవలసిన అవసరం ఏముంది? మామూలు శరీరం, నెమ్మది లేని కళ్లు ఉన్నవాడికైతే ఆ వేషం అవసరమవుతుంది. సినిమా విడుదలయ్యాక నిరసన చల్లారింది. 2006లో లెడ్జర్ పేరు వచ్చినప్పుడు కుర్రకారు ప్రేమకథల నటుడని పెదవి విరిచారు. అప్పటికే అతనికి ఉత్తమ నటుడి విభాగంలో ఆస్కార్ ప్రతిపాదన వచ్చి ఉంది. 2013 ఆగస్టులో అఫ్లెక్ పేరు ప్రకటించగానే అతన్ని తీసివేయాలంటూ ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు.

ఈ ఉదాహరణలు చూపి ‘అభిమానులు ఎప్పుడూ తొందరపడతారు, చివరకు ఒప్పుకుంటారు’ అని తేల్చేవారున్నారు. ఆ తీర్పును అంత తేలికగా అంగీకరించలేము. తప్పని తేలిన నిరసనలే కథలుగా మిగులుతాయి. మొదట్లో మెచ్చుకున్న ఎంపిక తరువాత నీరుగారిన సందర్భాలను ఎవరూ లెక్కపెట్టరు. జారెడ్ లెటో 2014లో ఆస్కార్ అందుకున్నవాడు. 2016లో ‘సూసైడ్ స్క్వాడ్’లో నుదుటి మీద పచ్చబొట్టు, లోహపు పళ్లతో అతను వేసిన జోకర్‌ను ఇష్టపడినవారు తక్కువ, అతని సన్నివేశాలలో చాలా భాగం కత్తిరించడంతో పాత్రకు తీరూతెన్నూ కూడా మిగలలేదు. 2002లో ఆస్కార్ గెలిచిన హాలీ బెర్రీ 2004లో ‘క్యాట్‌వుమన్’ చేసింది. అందులో ఆమె పాత్ర కామిక్స్‌లోని సెలీనా కైల్ కూడా కాదు, పేషెన్స్ ఫిలిప్స్ అనే కొత్త మనిషి. ఆ సినిమా ఓటమిని ఆమె ఎంపిక మీదికి నెట్టడం అన్యాయం.

కాబట్టి నటుడి పూర్వ చరిత్ర చూసి ముందే తీర్పు చెప్పడం అనుకూలంగానూ ప్రతికూలంగానూ బలహీనమైన ఆధారమే. ప్రేక్షకులకు కనిపించనిది స్క్రీన్ టెస్ట్, అంటే వేషంతో చేయించి చూసే పరీక్ష చిత్రీకరణ. కిలియన్ మర్ఫీ 2005 సినిమా కోసం బ్యాట్‌మన్ వేషంలోనే అలాంటి పరీక్ష ఇచ్చాడు. నోలన్ అతనికి ఆ పాత్ర ఇవ్వలేదు, ఆ చూపులో కనిపించినదాన్ని మాత్రం వదులుకోలేక స్కేర్‌క్రో అనే ప్రతినాయకుడి పాత్ర ఇచ్చాడు. బయట ఉన్నవారు ఆ చూపును ఊహించగలిగే అవకాశం లేదు.

వ్యాపార కారణాలు కూడా ఉంటాయి. 1989లో నికల్సన్ పేరు కథానాయకుడి కంటే ముందు పడింది. 1997లో ష్వార్జెనెగర్ పేరు కూడా అంతే. బ్యాట్‌మన్ ముసుగు వెనుక ఎవరున్నా బొమ్మ అదే కాబట్టి, పోస్టర్ మీద ముఖంగా ప్రతినాయకుడిని నిలపడం స్టూడియోలకు లాభసాటి లెక్కగా తోచింది.

జాతి, జన్మస్థలం గురించిన వాదన

ఈ చర్చలో అన్నిటికంటే శ్రద్ధగా వినవలసిన భాగం ఇది. 1971లో డెనిస్ ఓనీల్, నీల్ ఆడమ్స్ ప్రవేశపెట్టిన ప్రతినాయకుడు రాస్ అల్ ఘూల్ అరబిక్ పేరున్న, శతాబ్దాలుగా బతుకుతున్న తూర్పుదేశపు వ్యక్తి. 2005 సినిమాలో ముందుగా జపాన్ నటుడు కెన్ వతనబేను ఆ పేరుతో చూపి, చివరకు ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన లియమ్ నీసన్ అసలైన రాస్ అని తేల్చారు. శాంటా ప్రిస్కా వాడైన బేన్ పాత్ర బ్రిటిష్ నటుడికి, రాస్ కూతురు తాలియా పాత్ర ఫ్రెంచ్ నటి మారియన్ కొటియార్‌కు వెళ్లాయి.

దీన్ని వ్యతిరేకించేవారి మాట సూటిగా ఉంటుంది. శ్వేతేతర నటులకు హాలీవుడ్‌లో పెద్ద పాత్రలు దొరకడమే అరుదు. కథ ప్రకారం వారికి చెందవలసిన వాటిని కూడా తీసుకుంటే ఇక మిగిలేదేమిటి? సమర్థించేవారి మాటను కూడా కొట్టిపారేయలేము. నగరాలను నాశనం చేయాలనుకునే తూర్పుదేశపు రహస్య గురువు అన్నది పాత పాశ్చాత్య కథల్లో అరిగిపోయిన మూస, దాన్ని యథాతథంగా తెరకెక్కిస్తే ఆ ప్రాంతపు మనుషుల మీద ఉన్న అపోహ మరింత బలపడుతుంది. అయితే ఈ రెండవ వాదనలో ఒక లోపం ఉంది. మూసను విరగ్గొట్టడానికి పాత్రకు లోతు ఇవ్వవచ్చు. జాతిని మార్చడం ఒక్కటే దారి కాదు.

ఎదురుదిశలో కూడా ఉదాహరణలున్నాయి. కామిక్స్‌లో శ్వేతజాతి వాడైన హార్వీ డెంట్ పాత్రను 1989లో నల్లజాతి నటుడు బిల్లీ డీ విలియమ్స్ ధరించాడు. డెంట్ తరువాత ముఖం సగం కాలి టూ-ఫేస్ అనే ప్రతినాయకుడవుతాడు కాబట్టి ఆ అవకాశం తనకు వస్తుందన్న ఆశతోనే అతను ఒప్పుకున్నాడు. 1995లో టూ-ఫేస్ నిజంగా వచ్చేసరికి పాత్ర టామీ లీ జోన్స్‌కు వెళ్లింది. చివరకు 2017లో ‘లెగో బ్యాట్‌మన్’ యానిమేషన్ సినిమాలో గొంతు ఇచ్చి విలియమ్స్ ఆ పాత్రను చేశాడు. ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. క్యాట్‌వుమన్ విషయంలో దారి ముందే పడింది: 1967లో టీవీ ధారావాహిక మూడవ విడతలో జూలీ న్యూమార్ స్థానంలో నల్లజాతి నటి అర్థా కిట్ వచ్చింది. 2022లో జోయీ క్రావిట్జ్ ఆ పాత్ర వేసే నాటికి ఆమె రంగు గురించి మాట్లాడేవారికి యాభై అయిదేళ్ల నాటి కిట్ సమాధానంగా నిలిచింది.

ఒక ముఖాన్ని దాచి ఇంకొక ముఖం అతికించడం

2022లో పెంగ్విన్ అనే ప్రతినాయకుడిగా కాలిన్ ఫారెల్‌ను గుర్తుపట్టడం కష్టం. మైక్ మరీనో రూపొందించిన కృత్రిమ చర్మం, ఒంటికి తొడిగిన పొట్ట అతన్ని వేరే మనిషిని చేశాయి. ఆ ఆకారం సహజంగా ఉన్న నటులు ఎందరో ఉండగా అందగాడిని తెచ్చి లావు చేయడం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. 1992లో డానీ డెవిటోకు కూడా భారీ మేకప్ వేసినా అతని ఆకారం అతనిదే. 2024లో వచ్చిన ‘ద పెంగ్విన్’ ధారావాహికకు ఫారెల్ గోల్డెన్ గ్లోబ్ అందుకున్నాడు కాబట్టి నటన మీద సందేహం లేదు, కానీ బహుమతి వచ్చినంత మాత్రాన ఆ ప్రశ్న రద్దు కాదు. నటనా ప్రతిభ ఒక సంగతి, అవకాశాల పంపిణీ ఇంకొక సంగతి.

జోకర్ మళ్లీ వస్తే, ఫ్రీజ్ కొత్తగా వస్తే

1989 నుంచి 2022 వరకు సినిమాలలో అయిదుగురు జోకర్ వేషం వేశారు. అదే కాలంలో, జోకర్ కంటే కొన్ని నెలల ముందే కామిక్స్‌లోకి వచ్చిన ప్రతినాయకుడు హ్యూగో స్ట్రేంజ్‌కు ఒక్క సినిమా దక్కలేదు. 2002లో మొదలైన హష్ అనే ప్రతినాయకుడి కథ, 2011లో స్కాట్ స్నైడర్, గ్రెగ్ కపూలో ప్రవేశపెట్టిన కోర్ట్ ఆఫ్ ఔల్స్ అనే రహస్య ముఠా కూడా ఎదురుచూస్తున్నవాటి వరుసలోనే ఉన్నాయి. జోకర్ వద్దనేవారి ప్రధాన బలం ఇదే. కావాలనేవారు రీవ్స్ ఇప్పటికే కియోగన్‌ను చూపించాడని, ముఖం కూడా పూర్తిగా కనబడని ఆ మనిషిని అలా వదిలేయడం కథకు లోటని అంటారు. దర్శకుడు ఇంకా నిర్వచించని పాత్ర కాబట్టి కియోగన్ సరిపోతాడా లేదా అన్నది ఇప్పటికిప్పుడు ఎవరూ చెప్పలేరు. అతని మీద జరుగుతున్న వాదన అంతా నిజానికి లెడ్జర్, ఫీనిక్స్‌ల మీద జరుగుతున్నదే.

ఫ్రీజ్ గురించి మాత్రం కొంత లెక్క వేసి చూడవచ్చు. రీవ్స్ లోకంలో అద్భుత శక్తులు లేవు. జిమ్ క్యారీ 1995లో ఆకుపచ్చ బిగుతు దుస్తుల్లో కేరింతలు కొట్టించిన రిడ్లర్, పాల్ డేనో చేతిలో వరుస హత్యలు చేసే ముసుగు మనిషి అయ్యాడు. ప్రశ్నలు విసిరే స్వభావం మిగిలింది, వేషం పోయింది. ఫ్రీజ్‌కూ అదే పద్ధతి వర్తింపజేస్తే గాజు శిరస్త్రాణం, నీలి చర్మం, మంచు తుపాకీ పోతాయి. మొదటి కొలబద్ద పట్టుకున్నవారు అక్కడే లేచిపోతారు. మిగిలేది జబ్బుపడిన భార్య, ఆమెను వదులుకోలేని శాస్త్రవేత్త, అతనికి అన్యాయం చేసిన డబ్బున్న సంస్థ. 2022 సినిమా చివర బ్రూస్ ప్రతీకారం చాలదని, నగరానికి ఆసరాగా నిలవాలని గ్రహిస్తాడు. ప్రతీకారమే ఊపిరిగా బతుకుతున్న ఫ్రీజ్ అతని ఎదుట నిలిస్తే, బ్రూస్ తాను దాటివచ్చిన దశను ఎదుటి మనిషిలో చూస్తాడు. మూడవ కొలబద్దకు ఇంతకంటే ఏం కావాలి? ఈ ఫ్రీజ్‌కు కావలసినది కండలు తిరిగిన నటుడు కాదు, తక్కువ మాట్లాడి ఎక్కువ తెలియజేసేవాడు.

ఇక డీసీ స్టూడియోస్ తన వరుసలో 2026కు ఉద్దేశించిన, బ్యాట్‌మన్ ప్రతినాయకులలో ఒకడి కథ అయిన ‘క్లేఫేస్’ ఇదే ప్రశ్నను వేరే చోట లేవనెత్తింది. ప్రధాన పాత్రకు వేల్స్‌కు చెందిన టామ్ రీస్ హ్యారీస్‌ను ఎంచుకున్నట్లు 2025లో వార్త రాగానే, అంతగా పేరు తెలియని నటుడేమిటని కొందరు, కొత్త ముఖమే మేలని కొందరు తలపడ్డారు. 1940లో వచ్చిన తొలి క్లేఫేస్ బేసిల్ కార్లో భయానక చిత్రాల నటుడు, హంతకుడు. అతనికి ఏ శక్తీ లేదు. 1961లో వచ్చిన మ్యాట్ హేగన్ శరీరాన్ని మట్టిముద్దలా ఏ ఆకారంలోకైనా మార్చుకోగలవాడు. కార్లో కథకు ముఖమంతా నటన కావాలి. హేగన్ కథలో ముఖం చాలా భాగం కనిపించదు, కంప్యూటర్ బొమ్మల వెనుక నుంచి గొంతు, కదలిక మాత్రమే పలకాలి. నటుడి పేరు మీద తలపడిన ఆ రెండు పక్షాలలో ఎక్కువమంది తాము అనుకుంటున్నది ఈ ఇద్దరిలో ఎవరినో చెప్పకుండానే వాదన మొదలుపెట్టారు.